పింఛను మాట, పింఛను మూట

పింఛను అన్న పదం మన ఇండ్లలో అందరికీ పరిచితమైనదే. నెల తిరిగేసరికి పెద్దవారి చేతికి వచ్చే ఆ పైకం మీద మందుల ఖర్చు, పాలవాడి బాకీ, మనుమల పుస్తకాల ఖరీదు ఎంతగా ఆధారపడి ఉంటవో ఇల్లు నడిపేవారు ఎరుగుదురు. అయితే ఆ పైకం ఎక్కడనుండి వస్తున్నది, ఎవరు ఎప్పుడు కూడబెట్టినది అని విచారించేవారు అరుదు. కంపెనీ ఇస్తున్నదనో, ప్రభుత్వం ఇస్తున్నదనో చెప్పి ఊరుకొంటాము.

నిజానికి పింఛనులో రెండు అంగాలు ఉన్నవి. మొదటిది మాట: ఇంతకాలం పనిచేస్తే, ఇంత వయస్సు వచ్చిన తరువాత, బ్రదికి ఉన్నంతవరకు నెలకు ఇంత ఇస్తామని యజమాని చెప్పే మాట. రెండవది మూట: ఆ మాట నిలుపుకొనడానికి ఏటేటా తీసి వేరుగా పెట్టే సొమ్ము. ఇవ్వవలసిన మొత్తం ఈ విధంగా ముందే నిర్ణయమైన పింఛనును ఆర్థికవేత్తలు నిర్ణీత ప్రయోజన పింఛను అంటారు. మాట ఇవ్వడానికి ఒక్క పూట చాలును. మూట కట్టడానికి ముప్పై నలభై ఏండ్లు కావలెను. ఈ రెంటి నడుమ ఉన్న కాలవ్యవధిలోనే కష్టమంతా ఉన్నది. ఆ కష్టం ఎట్టిదో లోకానికి తేటతెల్లం చేసిన ఘట్టం 1963లో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఒక మోటారుకార్ల కర్మాగారంలో జరిగినది. దాని పూర్వోత్తరాలు తెలిసికొనడం మనకు కూడా ఉపకరిస్తుంది.

అమెరికాలో ప్రైవేటు కంపెనీల పింఛనుకు 1875వ సంవత్సరాన్ని ఆరంభంగా చెబుతారు. ఆ ఏడు అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అనే సరకుల రవాణా సంస్థ, దీర్ఘకాలం పనిచేసి శక్తి ఉడిగిన ఉద్యోగులకు కొంత భృతి ఏర్పాటు చేసినది. 1880లో బాల్టిమోర్-ఒహాయో రైల్వే కంపెనీ ఆ బాట పట్టినది. రైల్వేలు ముందుకు రావడంలో ఆశ్చర్యం లేదు. ఇంజను నడిపేవానికి చూపు మందగిస్తే ప్రయాణికుల ప్రాణాలకే ముప్పు. అట్టివానిని వట్టిచేతులతో ఇంటికి పంపడం కష్టం. పింఛను ఇచ్చి గౌరవంగా విశ్రాంతికి పంపవచ్చును. అయితే ఆనాటి నిబంధనలలో సాధారణంగా ఒక షరతు ఉండేది. ఈ భృతి కంపెనీ దయతో ఇచ్చేదే కాని ఉద్యోగికి హక్కు కాదు. కంపెనీ దానిని ఎప్పుడైనా మార్చవచ్చును, మానివేయవచ్చును. సొమ్ము కూడా పెక్కుచోట్ల ఏ ఏటికా ఏడు కంపెనీ రాబడిలోనుండి తీసి ఇచ్చేవారు. అంటే మాట సగమే, మూట అసలే లేదు.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత ఈ స్థితి మారినది. 1948లో ఇన్లాండ్ స్టీల్ అనే ఉక్కు కంపెనీ వ్యాజ్యంలో, పింఛను విషయమై కార్మిక సంఘంతో సంప్రదింపులు జరపడం యాజమాన్యానికి విధి అని అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పినది. మరుసటి ఏడే వాల్టర్ రూథర్ నాయకత్వాన మోటారు కార్మికుల సంఘం ఫోర్డు కంపెనీతో ఒడంబడిక చేసికొన్నది. దాని ప్రకారం 65 ఏండ్ల వయస్సు, 30 ఏండ్ల సర్వీసు ఉన్నవారికి, ప్రభుత్వమిచ్చే వృద్ధాప్య పింఛనుతో కలిపి, నెలకు 100 డాలర్లు ముట్టవలెను. 1950లో క్రైస్లర్ కంపెనీ కూడా అంత మొత్తం ఇవ్వడానికి సిద్ధపడినది. కాని అందుకు ముందుగా నిధి కూడబెట్టడానికి సమ్మతించలేదు. మాట చాలునని యాజమాన్యం, మూట కూడా కావాలని కార్మికులు. ప్రధానంగా ఈ విషయం మీదనే సమ్మె మూడు నెలలు దాటి సాగినది. కడకు కంపెనీ నిధికి ఒప్పుకొన్నది. చలికాలంలో నెలల తరబడి జీతాలు వదులుకొని ఆ కార్మికులు పోరాడినది ఎప్పుడో రాబోయే సొమ్ము భద్రత కోసమని మనం గమనించాలి.

ఇక అసలు కథకు వద్దాము. ఇండియానా రాష్ట్రంలో సౌత్ బెండ్ అనే పట్టణం ఉన్నది. 1852లో హెన్రీ, క్లెమెంట్ అనే స్టూడెబేకర్ సోదరులు 68 డాలర్ల పెట్టుబడితో అక్కడ కమ్మరి కొలిమి పెట్టి బండ్లు చేయసాగినారు. మరొక సోదరుడు జాన్, కాలిఫోర్నియా బంగారు గనుల వద్ద ఒంటిచక్రపు తోపుడుబండ్లు చేసి అమ్మి, కూడబెట్టిన 8 వేల డాలర్లతో 1858లో వచ్చి వారితో కలిసినాడు. అంతర్యుద్ధకాలంలో సైన్యానికి బండ్లు సరఫరా చేసి, ఆ శతాబ్ది చివరికి స్టూడెబేకర్ కంపెనీ లోకంలోని బండ్ల కర్మాగారాలలో అగ్రస్థానం సంపాదించినది. 1902లో విద్యుత్తుతో నడిచే కార్లు, 1904లో పెట్రోలు కార్లు చేయడం ప్రారంభించినది. 1933లో దివాలా స్థితికి చేరి కూడా తిరిగి నిలదొక్కుకొన్నది. తండ్రి పనిచేసిన చోటనే కొడుకు కూడా పనికి చేరిన కుటుంబాలు ఆ పట్టణంలో ఉండేవి. అట్టి కంపెనీ 1950లో కార్మిక సంఘంతో ఒప్పందం చేసికొని పింఛను పథకం నెలకొల్పినప్పుడు, అది మాట తప్పుతుందేమోనన్న శంక ఎవరికి కలుగుతుంది?

ఇక్కడ లెక్క కొంత విడమరచి చెప్పుకోవాలి. 1950 నాటికి 45 ఏండ్ల వయస్సు, 20 ఏండ్ల సర్వీసు ఉన్న ఒక కార్మికుని ఊహించండి. గడిచిన 20 ఏండ్లకు కూడా లెక్క కట్టకపోతే, 65వ ఏట అతనికి దక్కే పింఛను స్వల్పమే. అందుచేత ఇట్టి పథకాలలో గత సర్వీసును కూడా కలుపుకొనేవారు. అది న్యాయమే. కాని ఆ 20 ఏండ్లకుగాను నిధిలో ఒక్క డాలరు కూడా లేదు. పథకం పుట్టుకతోనే అప్పు పుట్టినదన్నమాట. ఆ పాత బాకీని 30 ఏండ్లలో కొద్దికొద్దిగా తీర్చాలని ఏర్పాటు. పైగా తరువాతి ఒడంబడికలలో పింఛను రేటు పెంచినప్పుడు ఆ పెంపు గత సర్వీసుకు కూడా వర్తించినది. తీరుతున్న బాకీ మళ్ళీ పెరిగినది.

అమ్మకాలు తగ్గుతున్న ఏ కంపెనీకైనా జీతం పెంచడం కంటె పింఛను పెంచడం సులభంగా తోస్తుంది. జీతం ఈ వారమే చేతిలో పెట్టవలెను. పింఛను ఎన్నడో కదా. సంఘనాయకులకు కూడా అది సభలో చెప్పుకోదగిన విజయమే. ఇచ్చేవారికి నేడు బరువు తెలియదు, పుచ్చుకొనేవారికి నేడు లోటు తెలియదు. పింఛను వాగ్దానంలోని మొదటి ప్రమాదం ఇదే.

రెండవ ప్రమాదం అంచనాలలో ఉన్నది. మూటలో ఎంత సొమ్ము ఉండాలో నిర్ణయించే గణకులను యాక్చువరీలు అంటారు. ఉద్యోగులు ఎంతకాలం బ్రదుకుతారు, ఎందరు మధ్యలో పని మానుకొంటారు, నిధిలోని సొమ్ము ఎంత వడ్డీ తెస్తుంది అని వారు ముందుగా ఊహించి లెక్క వేయవలెను. ఇప్పటికి 30 ఏండ్ల తరువాత చెల్లించవలసిన 1,000 డాలర్లకై నేడు ఎంత తీసి పెట్టాలి? సొమ్ము ఏటా నూటికి 6 వంతున పెరిగితే 174 డాలర్లు చాలును. నూటికి 3 వంతుననే పెరిగితే 412 డాలర్లు కావలెను. మాటలో ఒక్క అక్షరమైనా మారలేదు. మూట బరువు మాత్రం రెండింతలు దాటినది. మనుష్యుల ఆయుర్దాయం పెరగడం లోకానికి శుభవార్త. పింఛను నిధికి అదొక అదనపు ఖర్చు. అయితే వీటన్నిటికంటె పెద్ద అంచనా ఒకటి లెక్కల పుస్తకంలో కనపడదు. అది కంపెనీ ఆయుర్దాయం. 30 ఏండ్లలో తీరే బాకీ తీరాలంటే బాకీదారు 30 ఏండ్లు నిలిచి ఉండవలెను.

స్టూడెబేకర్ నిలవలేదు. డెట్రాయిటులోని పెద్ద కంపెనీల పోటీకి తట్టుకోలేక 1954లో ప్యాకార్డ్ కంపెనీతో ఏకమైనా పరిస్థితి చక్కబడలేదు. 1963 డిసెంబరు 9వ తేదీన సౌత్ బెండ్ కర్మాగారాన్ని మూసివేస్తున్నట్లు ప్రకటన వెలువడినది. డిసెంబరు 20వ తేదీన అక్కడి చివరి కారు తయారై బయటకు వచ్చినది. క్రిస్‌మస్ పండుగకు అయిదు రోజుల ముందుమాట ఇది. సుమారు 7 వేల మందికి జీవనాధారం పోయినది. కెనడాలోని హామిల్టన్‌లో కార్ల తయారీ 1966 వరకు సాగినా, సౌత్ బెండ్ కార్మికుల పింఛను పథకం 1964లోనే రద్దయినది. అప్పటికి దానికి 14 ఏండ్లు. పాత బాకీ తీరడానికి వేసికొన్న గడువులో సగమైనా గడవలేదు.

నిధిలో ఉన్న సొమ్ము అందరికీ చాలదు. ఎవరికి ముందు, ఎవరికి వెనుక అన్న వరుస ఒప్పందంలోనే వ్రాసి ఉన్నది. దాని ప్రకారం అప్పటికే విశ్రాంతి తీసికొన్నవారికి, 60 ఏండ్లు నిండి అర్హత ఉన్నవారికి, మొత్తం సుమారు 3,600 మందికి, పూర్తి పింఛను ఏర్పాటు చేసినారు. నిధిలో చాలా భాగం దీనికే సరిపోయినది. తరువాతి వరుసలో 40 నుండి 59 ఏండ్ల లోపువారై, పదేండ్ల సర్వీసు దాటినవారు సుమారు 4 వేల మంది ఉన్నారు. వారికి రావలసిన దాని విలువలో నూటికి సుమారు 15 వంతులు మాత్రం ఒక్కసారిగా ముట్టజెప్పినారు. మిగిలిన 2,900 మందికి ఏమీ రాలేదు.

ఈ నడిమి వరుసను గురించి కొంచెం ఆలోచించండి. వారి సగటు వయస్సు 52 ఏండ్లు. సగటు సర్వీసు 23 ఏండ్లు. యౌవనమంతా ఒకే కర్మాగారానికి ధారపోసినవారు. కొత్త పని దొరకడానికి వయస్సు మించినది. పింఛను పొందడానికి వయస్సు చాలలేదు. అరవై నిండినవానికి నూటికి నూరు, యాభైతొమ్మిదేండ్లవానికి నూటికి పదిహేను. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఒకే పని చేసినవారు కావచ్చును. ఆ కొద్ది నెలల తేడాతో ఒకరి ముసలితనం ఒడ్డున పడినది, వేరొకరిది నడి ఏట నిలిచినది.

ఇందులో మోసం చేసినదెవరు? నాటి చట్టం దృష్టిలో ఎవరూ కారు. కంపెనీ ఒప్పుకొన్న చందాలు నిధికి కట్టినది. పింఛను నిధిలో ఉన్నంత మేరకే కాని, ఆపైన కంపెనీకి బాధ్యత లేదని ఒప్పందంలోనే ఉన్నది. వరుసక్రమం సంఘం కూడా సమ్మతించినదే. అందరూ నియమం పాటించినారు. అయినా వేలాదిమందికి ఇచ్చిన మాట చెల్లలేదు. ఒక దొంగను పట్టి శిక్షిస్తే తీరే విషయం కాదు గనుకనే ఈ ఉదంతం చట్టకర్తలను ఆలోచింపజేసినది.

ఆలోచన చట్టంగా మారడానికి పదేండ్లు పట్టినది. ప్రైవేటు పింఛను నిధులను పరిశీలించడానికి అధ్యక్షుడు కెన్నెడీ 1962లో నియమించిన సంఘం 1965లో నివేదిక సమర్పించినది. ఇండియానాకు చెందిన సెనేటర్ వాన్స్ హార్ట్‌కీ, పింఛనులకు బీమా కల్పించే బిల్లును ప్రతిపాదించినాడు. న్యూయార్కు సెనేటర్ జేకబ్ జావిట్స్ 1967లో సమగ్రమైన బిల్లును తెచ్చినాడు. యజమానులలో చాలమంది అడ్డుచెప్పినారు: పింఛను ఇవ్వడం మా ఇష్టం, నియమాలు బిగిస్తే అసలు ఇవ్వడమే మానుకొంటాము అని వారి వాదన సారాంశం. 1972 సెప్టెంబరులో ఎన్.బి.సి. సంస్థ, పింఛను పోగొట్టుకొన్న కార్మికుల కష్టాలను వారి నోటనే చెప్పించి టెలివిజనులో ప్రసారం చేసినది. లెక్కల పుస్తకాలలో అణగి ఉన్న విషయం ఆ విధంగా ఇంటింటి ముచ్చట అయినది. కడపట 1974 సెప్టెంబరు 2వ తేదీన, అమెరికా కార్మిక దినోత్సవంనాడు, అధ్యక్షుడు ఫోర్డు ఉద్యోగుల విశ్రాంతి ఆదాయ భద్రతా చట్టంపై సంతకం చేసినాడు.

ఆ చట్టం మూడు కట్టుబాట్లు చేసినది. మొదటిది, ఉద్యోగి నిర్ణీతకాలం పనిచేస్తే అతని పింఛను హక్కు స్థిరపడుతుంది. తరువాత ఉద్యోగం పోయినా ఆ హక్కు పోదు. రెండవది, యజమాని ఏటేటా నిధికి కట్టవలసిన కనీస మొత్తాన్ని, పాత బాకీ తీర్చవలసిన గడువును చట్టమే నిర్ణయించినది. మూడవది, పింఛను హామీ సంస్థ అనే ప్రభుత్వ బీమా సంస్థ ఏర్పడినది. కంపెనీ మునిగి, నిధి చాలకపోతే, ఒక పరిమితి వరకు ఆ సంస్థ చెల్లిస్తుంది. మొదట ఆ బీమాకు యజమాని కట్టవలసిన ప్రీమియం తలకు ఏడాదికి ఒక్క డాలరు.

కథ ఇక్కడితో సుఖాంతమైనదని అనుకోరాదు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొన్న యజమానికీ, చక్కబెట్టుకోని యజమానికీ ఒకే ప్రీమియం అయితే, రెండవవానికి జాగ్రత్త ఎందుకు పుడుతుంది? నిధిని ఖాళీగా ఉంచి, భారం బీమా సంస్థపై వదిలిపోయే కంపెనీలు బయలుదేరినవి. 1986లో చట్టం బిగించి, కష్టదశలో లేని కంపెనీ లోటుతో ఉన్న పథకాన్ని వదిలించుకోరాదన్నారు. 1987 చట్టంతో లోటు ఎక్కువైనకొద్దీ ప్రీమియం పెరిగే పద్ధతి వచ్చినది. అయినా 2002లో బెత్లహేమ్ స్టీల్ కంపెనీ పథకాన్ని, అందులోని సుమారు 95 వేల మందితో సహా, హామీ సంస్థ తలకెత్తుకోవలసి వచ్చినది. 2005లో యునైటెడ్ విమాన సంస్థ వంతు వచ్చినది. హామీకి పరిమితి ఉన్నందున, ఆ సంస్థలో ఎక్కువ పింఛను ఆశించిన విమాన చోదకులు చాలమంది అందులో కొంత భాగాన్ని నష్టపోయినారు. తలకు ఒక్క డాలరుగా మొదలైన ప్రీమియం 2025 నాటికి 106 డాలర్లు అయినది.

ఈ అనుభవాలనుండి యజమానులు కొన్ని ఉపాయాలు నేర్చుకొన్నారు. ఒకటి, ఏ ఏట ఎంత చెల్లించాలో ఆ ఏటికి అంత రాబడి చేతికి వచ్చేటట్లు బాండ్లు కొని ఉంచడం. వడ్డీ తగ్గితే బాకీ విలువ పెరుగుతుంది, బాండ్ల విలువ కూడా పెరుగుతుంది. త్రాసు రెండు పళ్ళెములు కలిసి కదులుతవి. ఈ సూత్రాన్ని 1952లో ఫ్రాంక్ రెడింగ్టన్ అనే ఆంగ్ల యాక్చువరీ జీవిత బీమా కంపెనీల కోసం నిరూపించినాడు. పింఛను నిధులు తరువాత దానిని అనుసరించినవి. రెండవది, బాకీని బీమా కంపెనీకి అప్పగించడం. 2012లో జనరల్ మోటార్స్ కంపెనీ సుమారు 2,600 కోట్ల డాలర్ల పింఛను భారాన్ని ఈ విధంగాను, ఒక్కసారి మొత్తం ముట్టజెప్పీ తగ్గించుకొన్నది. మూడవది, మాట ఇవ్వడమే మానివేయడం. చందా మాత్రం నిర్ణయించి, రాబోయే మొత్తం ఎంతో చెప్పని పద్ధతి ఇది. 1978 చట్టంలోని ఒక నిబంధన ఆధారంగా అమెరికాలో ఇది వ్యాపించి, కొత్తగా పనికి చేరేవారికి పాత పింఛనును అరుదు చేసినది.

ఈ మూడింటిలో ఏదీ అపాయాన్ని మాయం చేయలేదు. ఒకరి భుజం మీదనుండి మరొకరి భుజం మీదికి మార్చినది. మొదటిదానిలో యజమాని ఎక్కువ సొమ్ము ముందే పెట్టి అపాయాన్ని కొంటున్నాడు. రెండవదానిలో బీమా కంపెనీ మోస్తున్నది. మూడవదానిలో ఉద్యోగి, ఒంటరిగా, మోస్తున్నాడు. వడ్డీ తగ్గినా, మార్కెట్టు పడిపోయినా, తాను అనుకొన్నదానికంటె పదేండ్లు ఎక్కువ బ్రదికినా ఆ లోటు అతనిదే.

మన దేశానికి కూడా ఈ ప్రశ్న కొత్తది కాదు. పింఛను దయాధర్మం కాదు, చేసిన సేవకు రావలసిన హక్కు అని 1982 డిసెంబరు 17వ తేదీన నకారా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. అయితే ప్రభుత్వోద్యోగుల పాత పింఛనుకు ప్రత్యేకమైన మూట లేదు. ఏ ఏటికా ఏడు ఖజానానుండి చెల్లించవలసినదే. ప్రభుత్వం కంపెనీవలె మూతపడదు. కాని భారం పన్నులు కట్టేవారిపై పడుతుంది. ఆ భారానికి వెరచి కేంద్రప్రభుత్వం 2004 జనవరి 1 నుండి, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే ఏడు సెప్టెంబరు 1 నుండి, కొత్తగా చేరినవారికి చందా పద్ధతిని ప్రవేశపెట్టినవి. ఉద్యోగులలో అసంతృప్తి ప్రబలినందున ఆంధ్రప్రదేశ్ 2023లో హామీ పింఛను చట్టం చేసినది. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుండి, 25 ఏండ్ల సర్వీసు ఉన్నవారికి చివరి పన్నెండు నెలల మూలవేతన సగటులో సగం హామీ ఇచ్చే పథకాన్ని, చందాలను విడువకుండానే, ప్రవేశపెట్టినది. కర్మాగారాలలో, కార్యాలయాలలో పనిచేసేవారికి 1995 నుండి ఉన్న ఉద్యోగుల పింఛను పథకంలో కూడా మాట సూత్రబద్ధంగా నిర్ణయమై ఉన్నది. దాని మూటను ఏటేటా మదింపు చేయించాలని నియమం ఉన్నది. పింఛను పెంచాలన్న కోరిక వినవచ్చినప్పుడెల్లా మూటలో చాలినంత ఉన్నదా అన్న ప్రశ్న కూడా వెంటనే లేస్తున్నది. ఆ కోరిక న్యాయమైనదే. ఆ ప్రశ్న కూడా న్యాయమైనదే.

సౌత్ బెండ్ కార్మికులలో చాలమంది తమ పింఛను పుస్తకంలో నెలకు ఎంత వస్తుందన్న అంకెనే చూసినారు. నిధిలో ఎంత ఉన్నది, ఎంత లోటు, ఆ లోటు ఎన్నేండ్లలో తీరుతుంది, తీర్చవలసినవాడు అంతవరకు నిలవకపోతే ఎవరు పూచీ అన్న నాలుగు సంగతులు వారిని అడగమని చెప్పినవారు లేకపోయినారు. ఉద్యోగంలో ఉన్న కొడుకుకు, కోడలికి ఈ నాలుగు ప్రశ్నలు నేర్పడం నేటి పెద్దవారి బాధ్యత. పింఛను ఇస్తామన్న మాట పలికిన క్షణంలోనే అప్పు అవుతుంది. ఆ అప్పును ఆనాటినుండే తీర్చడం మొదలుపెట్టిన యజమానే మాట నిలుపుకోగలడు. దానిని అడిగి తెలిసికొన్న ఉద్యోగే ముసలితనాన నిశ్చింతగా ఉండగలడు.